మంచంకోడు పురుగు, సముద్రపు పురుగు

“పొడుగు మీసాల పురుగును, బాణం పురుగును పోల్చి రాయండి.” ఈ ప్రశ్న ఇచ్చింది నేనే. గైడ్లలో ఇట్లాంటి ప్రశ్న ఉండదు. ఒకటి కొయ్యను తొలిచే పెంకు పురుగు. ఇంకొకటి సముద్రంలో తేలాడే, గాజుపోగు లాంటి పురుగు. రెంటికీ ఎక్కడా చుట్టరికం లేదు. అందుకే ఇచ్చాను. బట్టీ పట్టి వచ్చే పిల్లలు కనీసం ఒక పేజీ అయినా సొంతంగా ఆలోచించి రాస్తారని. అంత మంచి ప్రశ్న తట్టినందుకు నాలో నేను మురిసిపోయాను కూడా.

కర్నూల్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెప్తాను. పుట్టి పెరిగింది మైదుకూరు పక్క పల్లెలో. పెళ్ళయ్యాక కర్నూలు పక్కనే కల్లూరులో ఇల్లు తీసుకున్నాం. పొద్దున షేర్ ఆటోలో ముగ్గురు కూర్చునే చోట ఐదుగురం ఇరుక్కుని కాలేజీకి పోతాను. సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే. చిన్నప్పుడు బంధువుల పెళ్ళికి మద్రాసు పోయినప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, అలల్లో కాళ్ళు తడుపుకుని, బస్సుకు టైమైందని ఎవరో అరిస్తే పరుగెత్తుకొచ్చేశాం. అయినా ప్రతి ఏడూ సముద్రపు జీవుల గురించి గంటల తరబడి చెప్తాను. బాణం పురుగు బొమ్మను బోర్డు మీద కళ్ళు మూసుకుని వేయగలను. సన్నని నిటారు ఒళ్ళు, పక్కల చేప రెక్కల్లాంటి వాజాలు, తోక చివర బాణం ఈకల్లాగా ఇంకో వాజం, నోటికి అటూ ఇటూ కొక్కేలు. ఒళ్ళంతా అద్దం లాగా ఉంటుందనీ, నీళ్ళల్లో కదలకుండా ఉండి, తనకంటే చిన్న ప్రాణి దగ్గరికి రాగానే ఒక్క ఊపున దూకి కొక్కేలతో పట్టేస్తుందనీ చెప్తాను. చెప్పేటప్పుడు చేతిని బాణంలాగా విసురుతాను. పిల్లలకు ఆ భాగం ఇష్టం.

మా ల్యాబులో ఆ పురుగు స్లైడు ఒకటే ఉండేది. చివర కాగితం చీటీ, దాని మీద సాజిట్టా అని ఆ పురుగు శాస్త్రీయ నామం, వెలిసిపోయిన అక్షరాల్లో. ఏటా ఆ వారం వచ్చినప్పుడు అటెండరు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టేవాడు. పిల్లలు వరసగా వచ్చి, వంగి, ఒక కన్ను మూసి చూసి, తల ఊపి పోయి రికార్డులో బొమ్మ వేసేవాళ్ళు. నేను సంతకం పెట్టేదాన్ని.

ఆ ఏడు మొదటి సంవత్సరంలో ఒక అమ్మాయి చేరింది. నందికొట్కూరు దారిలో ఒక ఊరినుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళు ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రి వడ్రంగి. మూడో బెంచీలో గోడవైపు కూర్చునేది. చేతివేళ్ళ మీద ఎప్పుడూ సన్నని గాట్లు ఉండేవి. సెలవు రోజుల్లో తండ్రికి రంపం అవతలి కొస పట్టుకుంటుందని తర్వాత తెలిసింది.

ప్రాక్టికల్ రోజు తన వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి మైక్రోస్కోపు మీదికి వంగింది. లేచింది. మళ్ళీ వంగింది. వెనక వరస ఆగిపోయింది.

“మేడం, దీంట్లో ఏం కనపడ్లేదు” అంది.

“ఫోకస్ సరిగ్గా చేసుకో” అన్నాను, నా బల్ల దగ్గరినుంచి లేవకుండానే.

“చేసినా మేడం. గాజు మీద గీతలు కనపడ్తాండాయి. పురుగు లేదు.”

“నీ ముందు ఇంతమంది చూసినారు. వాళ్ళందరికీ కనపడింది, నీకొక్కదానికే కనపడలేదా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి పక్కకు జరిగింది. నా బల్లనుంచి ఆ మైక్రోస్కోపుకు నాలుగు అడుగులు. లేచి పోయి ఒక్కసారి కన్ను పెట్టి చూసుంటే అయిపోయేది. చూడలేదు. చేతిలో హాజరు పట్టీ ఉంది, ఎండ తీవ్రంగా ఉంది, ఫ్యాను తిరగడం లేదు. ఇట్లాంటి కారణాలు ఇప్పుడు ఎన్నయినా చెప్పుకోగలను.

వారం తర్వాత రికార్డు దిద్దుతుంటే ఆ అమ్మాయి పేజీలో శీర్షిక ఉంది, గీత కొట్టిన గడి ఉంది, బొమ్మ లేదు. ఎర్ర సిరాతో ‘అసంపూర్ణం’ అని రాశాను.

ఆ తర్వాత ఇంటర్నల్ పరీక్ష. నా ప్రశ్న అప్పుడే ఇచ్చాను. పేపర్లు కల్లూరు ఇంటికి తెచ్చుకుని వంటింటి గట్టు మీద పెట్టుకుని దిద్దాను. దాదాపు అందరూ రెండు గడులు గీసి, ఎడమవైపు ఒకదాని లక్షణాలు, కుడివైపు ఇంకోదాని లక్షణాలు పుస్తకంలోనివి దించారు. ఆ అమ్మాయి మాత్రం గడులు గీయలేదు. పేరా రాసింది.

“పొడుగు మీసాల పురుగు మా నాయన బాగుచేసే మంచాల్లో ఉంటుంది. దాని మీసాలు ఒంటికంటే పొడుగు. పట్టుకుంటే మెడ ఆడించి కిర్రుమని అరుస్తుంది. దాని పిల్లపురుగు కొయ్య లోపల ఏళ్ళ తరబడి తింటూ ఉంటుంది. మా వీధిలో ఒకరి పెళ్ళికి మా నాయన మంచం చేసిచ్చినాడు. వాళ్ళ కొడుకు బడికి పోయే వయసు వచ్చినాక ఆ మంచం కోడులోంచి పురుగు బయటికి వచ్చింది. అన్నేళ్ళూ వాళ్ళు దాని మీదే పడుకున్నారు” అని రాసింది.

తర్వాత బాణం పురుగు గురించి. “దీన్ని నేను చూడలేదు. స్లైడులో కనపడలేదు. మేడం చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. కొయ్యపురుగు నములుతుంది, ఇది పట్టి మింగుతుంది. కొయ్యపురుగు ఒంటి మీద గట్టి పెంకు ఉంది, దీనికి ఏమీ లేదు. ఒకటి ఎవరికీ కనపడకుండా కొయ్యలో దాక్కుంది. ఇంకోదానికి నీళ్ళలో దాక్కోడానికి చోటు లేదు, అందుకని ఒళ్ళే కనపడకుండా చేసుకుంది. దీన్ని నిజంగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను అడగాలని ఉంది.”

ఇప్పుడు చదివితే ఇంత మంచి జవాబు నేను డిగ్రీలో రాసుంటానా అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం చివరి వాక్యం దగ్గర నా చెవులు వేడెక్కాయి. నిజంగా చూసినవాళ్ళు అంటే ఏమిటి అర్థం? నేను చూడలేదనా? చూడలేదన్న సంగతి నాకు తెలుసు. దాన్ని ఒక పిల్ల పరీక్ష పేపర్లో రాయడమే నేను భరించలేకపోయాను. పదికి రెండు వేశాను.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. మరుసటి రోజు పేపర్లు క్లాసుకు తీసుకుపోయి, ఆ పేపరు పైకి తీసి అందరికీ వినిపించేలా చదివాను. “మా నాయన” అన్నచోటల్లా కొంచెం ఆగి, సాగదీసి చదివాను. పల్లెలో మా నాన్నను నేను కూడా నాయనా అనే పిలిచేదాన్ని. కర్నూలు వచ్చాకే మానేశాను.

“పరీక్షలో నాయనలూ మంచాలూ ఎందుకమ్మా?” అన్నాను. “ఇది జువాలజీయా, వడ్రంగమా?”

క్లాసు గొల్లుమంది. క్లాసు నవ్వితే టీచరుకు ఒక హుషారు వస్తుంది. అది నాకూ వచ్చింది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. బ్యాగులోంచి అగ్గిపెట్టె తీసి, నడిచి వచ్చి నా బల్ల మీద పెట్టి తెరిచింది. లోపల దూది మీద ఎండిపోయిన పురుగు. ముదురు ఎరుపూ గోధుమా కలిసిన రంగు. మీసాలు వెనక్కి వంగి ఒంటిని దాటి పోయాయి. ఒక్క కాలు కూడా విరగకుండా జాగ్రత్తగా దాచింది.

“నిజం మేడం. కోడులోంచే వచ్చినాది. చూడండి.”

“ఇది బయటినుంచి ఎగిరొచ్చి మంచంలో దూరింటుంది” అన్నాను. “ఎండిన కొయ్యలో అన్నేళ్ళు ఏ పురుగూ బతకదు. దానికి నీళ్ళెక్కడివి?”

నాకు తెలిసి చెప్పిన మాట కాదు. ఎదురుగా అరవై మంది చూస్తుంటే వచ్చిన మాట.

“మా నాయన అబద్ధం చెప్పడు మేడం.”

“అబద్ధమని ఎవరన్నారు? మీ నాయనకు తెలియదు, అంతే. తెలియకపోవడం వేరు, అబద్ధం వేరు.”

ఆ అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి పోయి కూర్చుంది. అగ్గిపెట్టె నా బల్ల మీదే ఉండిపోయింది. బెల్లు కొట్టాక దాన్ని ల్యాబు సొరుగులో పడేశాను.

నెలన్నర గడిచింది. యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి ఎగ్జామినర్ వస్తారంటే, ముందుగా స్లైడ్లన్నీ తుడిచి సర్దుకుందామని నేను, అటెండరు ఒక శనివారం పొద్దున కూర్చున్నాం. అటెండరు మా అందరికంటే పెద్దవాడు, నేను చేరకముందు నుంచి ఆ ల్యాబులోనే ఉన్నాడు. ఒక్కో స్లైడూ తుడిచి మైక్రోస్కోపు కింద పెడుతుంటే నేను చూసి పక్కన పెడుతున్నాను. సాజిట్టా వంతు వచ్చింది. కన్ను పెట్టాను. ఏమీ లేదు. పసుపు పచ్చని జిగురు, ఒక గాలి బుడగ, గాజు మీద గీతలు. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. స్లైడును ఇటుకొస నుంచి అటుకొస దాకా జరిపాను. మెడ నొప్పెట్టింది.

“ఇందులో ఏమీ లేదు కదప్పా?” అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. “ఆ స్లైడా మేడం? అది మీరు రాకముందే పోయినాది. కింద పడి పగిలింటే పై గాజు మార్చి అతికించినాం. పురుగు అప్పుడే తుడుచుకపోయినాది.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“మీకు తెల్సనుకున్యా. పిల్లోళ్ళు ఎట్లాగూ మీరేసిన బొమ్మ చూసే ఏస్తారు గదా.”

నేను చేరి పదకొండేళ్ళు. పదకొండు బ్యాచులు. ఖాళీ గాజును చూసి తల ఊపి, వాజాలతో సహా, కొక్కేలతో సహా బొమ్మ వేసుకొచ్చారు. అందరి రికార్డుల్లోనూ నా సంతకం ఉంది. లేనిదాన్ని లేదని చెప్పింది ఒక్క పిల్ల. ఆ పిల్ల పేజీలో మాత్రం ఎర్ర సిరా.

అటెండరు తర్వాతి స్లైడు అందిస్తున్నాడు. నేను చెయ్యి చాపలేదు. చేతులు కడుక్కొస్తానని చెప్పి లైబ్రరీకి పోయాను. అడవి పురుగుల మీద లావుపాటి పాత పుస్తకం ఒకటి ఉండేది. అట్ట దుమ్ము పట్టి ఉంది, ఎవరూ తీయరనుకున్నాను. అందులో కొయ్యను తొలిచే పెంకు పురుగుల అధ్యాయం తీసి నిలబడే చదివాను. ఎండిన కొయ్యలో, తయారైన సామానులో బతికే పొడుగు మీసాల పురుగు ఒకటుందట. ఎండిన కొయ్యలో సారం తక్కువ కాబట్టి పిల్లపురుగు చాలా మెల్లగా ఎదుగుతుందట. కొయ్యలో మిగిలిన కొద్దిపాటి తేమే దానికి చాలట. ఏళ్ళ తరబడి లోపలే ఉండి, మంచాల్లోంచీ బీరువాల్లోంచీ బయటికి రావడం మామూలేనట. పక్కన బొమ్మ కూడా ఉంది. సొరుగులో పడేసిన అగ్గిపెట్టెలోది అచ్చం అదే.

మీ నాయనకు తెలియదు, అంతే. నా గొంతు నాకే వినపడింది. పుస్తకం మూసి అరలో పెట్టేశాను.

ఆ తర్వాతి వారం ఆదివారం ఇంట్లోవాళ్ళకు పనుందని చెప్పి నందికొట్కూరు బస్సెక్కాను. ఆ అమ్మాయితో పాటు వాళ్ళ నాయనకు కూడా క్షమాపణ చెప్పాలని నా ఉద్దేశం. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకుంటూ పోయాను. ఊర్లో దిగి వడ్రంగి అంగడి యాడుందని అడిగితే ఒక ముసలామె చూపించింది. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. నేలంతా రంపంపొట్టు. ఒక బక్కపల్చని మనిషి తలుపు రెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఆ అమ్మాయి రెండో కొస కదలకుండా పట్టుకుని ఉంది. నన్ను చూడగానే చెయ్యి వదిలేసింది.

“నాయనా, మా మేడం” అంది.

ఆయన గబగబా భుజం మీది తువ్వాలు తీసి స్టూలు దులిపాడు. “రాండి మేడం, రాండి. ఈడ కూర్చోండి. దుమ్ము ఉండాది, ఏమనుకోవద్దండి.” పక్క అంగడివాళ్ళకు వినపడేలా కేక వేశాడు. “మా పాప కాలేజీ మేడం వచ్చినారప్పా! టీ చెప్పండి!”

పక్కనున్న సైకిల్ షాపతను వచ్చి నమస్కారం పెట్టాడు. నేను కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి.

“మా పాప మీ గురించి శానా చెప్తాది మేడం” అన్నాడాయన. “మేడం సముద్రంలో పురుగుల గురించి చెప్తాంటే మనమూ నీళ్ళల్లో ఉన్నట్టే ఉంటాది నాయనా, అంటాది.”

ఆ అమ్మాయి వైపు చూశాను. తల వంచుకుని కాలి బొటనవేలితో పొట్టును పక్కకు తోస్తోంది. ఇంట్లో ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

“ఇంకోటి చూపిస్తా ఉండండి” అని ఆయన లోపలికి పోయి ఒక కొయ్యముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మంచం కోడు. నిలువునా కోసి, కోసిన వైపు నున్నగా చిత్రిక పట్టాడు. ఒక అంచున సొరంగాలు, ఒకదాంట్లోంచి ఒకటి చీలిపోతూ, మెత్తని పిండి గట్టిగా కూరినట్టు ఉన్నాయి. చివర కోడిగుడ్డు ఆకారంలో చిన్న రంధ్రం.

“పాప అడిగితే కోసినా. పరీక్ష అయినంక మా మేడంకు చూపిస్తా, మెచ్చుకుంటాది అన్నాది. మళ్ళ ఏమైందో, తీసకపోవే అంటే బరువు నాయనా, బస్సులో ఇబ్బంది అంటాది.”

నేను ఆ సొరంగాల మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయాను. కళ్ళెత్తడానికి ధైర్యం లేదు.

“ఇట్లా ఎందుకు పడుతుందన్నా?” అని ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

“బెరడు కింద మెత్తటి తెల్ల కర్ర ఉంటే పడ్తాది మేడం. నడిమి చేవ కర్ర జోలికి రాదు. చూడండి, ఈ లోపలి భాగం ముట్టుకోలేదు. ఆ మంచం చేసేటప్పుడు పని తొందర. తెల్ల కర్ర చెక్కేయకుండా వదిలేసినా. తప్పు నాదే. ఆ ఇంటికి పోయి, నా తప్పేనప్పా అని చెప్పి కొత్త కోడు వేసిచ్చినా.”

సైకిల్ షాపతని ముందర, నా ముందర, కూతురి ముందర, తలుపు గడియ ఊడిందన్నంత మామూలుగా ఆ మాట అన్నాడాయన. తప్పు నాదే. నేను గంట సేపు బస్సులో కూర్చుని సాధన చేసుకుంటూ వచ్చింది కూడా ఆ రెండు మాటల కోసమే. నోరు తెరవలేదు. ఇప్పుడు చెప్తే ఈయనకు విషయమంతా తెలుస్తుంది, ఆ పిల్ల దాచుకున్నది నేను బయట పెట్టినట్టవుతుంది అని మనసులో ఒక సాకు చెప్పుకున్నాను. సాకులో కొంత నిజం ఉంది. మిగిలింది మాత్రం పిరికితనం. టీ తాగాను. బాగుందన్నాను. ఆయన కోడును పేపర్లో చుట్టి, “మీ కాలేజీలో పెట్టుకోండి మేడం” అని నా చేతికిచ్చాడు.

బస్సు దాకా తోడు రమ్మంటే ఆ అమ్మాయి వచ్చింది. 

“ఆ పొద్దు క్లాసులో నేను అట్లా అనుండకూడదమ్మా” అన్నాను.

“పర్లేదు మేడం.”

“స్లైడులో నిజంగానే ఏమీ లేదు. నేను చూసినా.”

ఆగి నా వైపు చూసింది. “ఎప్పుడు చూసినారు మేడం?”

“మొన్ననే. పోయిన వారం శనివారం.”

 బస్సు వచ్చింది. కోడును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పర్లేదు అంది కదా, క్షమించినట్టే అనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను.

సోమవారం క్లాసులో కోడును బల్ల మీద పెట్టాను. పక్కనే అగ్గిపెట్టె. జరిగిందంతా చెప్పాను. స్లైడు ఖాళీ అని, ఇన్నేళ్ళూ నేను చూడలేదని, ఎండిన కొయ్యలో పురుగు ఏళ్ళ తరబడి బతుకుతుందని, ఆ అమ్మాయి రాసిందే సరి అని, వాళ్ళ నాయనను నేను అవమానించానని.  చెప్పేశాక గుండె తేలికైంది. నిజం చెప్పాలంటే, నా ధైర్యం మీద నాకే కాస్త గౌరవం కలిగింది.

 అప్పుడు వెనకనుంచి ఎవరో సన్నగా, “కొయ్యపురుగు” అన్నారు. రెండు మూడు బెంచీలు నవ్వు ఆపుకున్నాయి. అందరూ తిరిగి మూడో బెంచీ వైపు చూశారు. ఆ అమ్మాయి నోటుబుక్కు మీదికి వంగిపోయింది.

క్లాసు అయ్యాక ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది.

“ఆ పేరు ఎప్పటినుంచి పిలుస్తున్నారమ్మా?” అని అడిగాను.

“మీరు నా పేపరు చదివిన రోజు నుంచి.”

నాకు తెలియదు. రోజూ అదే క్లాసుకు పోతున్నాను, తెలియలేదు.

“మర్చిపోతాండిరి మేడం” అంది. “బస్సులో గూడా పిలవడం మానేసినారు. ఇప్పుడు మళ్ళా మొదలుపెడ్తారు. మీరు చెప్పాలనుకుంటే ముందు నన్నొక మాట అడిగుండొచ్చు గదా?”

“నీ తరఫునే మాట్లాడినా కదా.”

“ఆ పొద్దూ అందరి ముందరే నిలబెట్టినారు. ఈ పొద్దూ అందరి ముందరే.”

గొంతు పెంచలేదు. మర్యాద తప్పలేదు. వస్తాను మేడం అని చెప్పి పోయింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ఆ పరీక్ష మార్కులు సరిదిద్దాలని అడిగాను. పంపేసినవి మార్చడం కుదరదనీ, చిన్న విషయానికి ఇంత బాధ ఎందుకనీ అన్నారు. అయినా తప్పు నాదని కాగితం రాసి ఇచ్చాను. దాన్ని ఎక్కడ పెట్టారో తెలియదు. ఆ ఎగతాళి పేరుతో పిలిచే పిల్లలను పిలిచి మందలించాను. నా ముందర మానేశారు. నా వెనక ఎంతకాలం పిలిచారో నాకు తెలియదు.

ఆ అమ్మాయి మూడేళ్ళూ నా క్లాసులోనే చదివింది. అడిగితే జవాబు చెప్పేది. ఎప్పుడూ తనంతట తాను ఏదీ అడగలేదు. తర్వాత రాసిన పరీక్ష పేపర్లన్నీ గైడులో ఉన్నట్టే ఉండేవి. రెండు గడులు, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. మంచి మార్కులే వేసేదాన్ని. ఒక్కో పేపరూ చివరిదాకా చదివేదాన్ని, ఎక్కడైనా ఒక్క వాక్యం ఆ పిల్లది తగులుతుందేమో అని. తగల్లేదు. ఇంటర్నల్ మార్కులు, ఆ ఎగతాళి పేరు, ఇవన్నీ కాలం పోతే పోతాయి. ఆమె రాత మారిపోవడం చూసినప్పుడే నేను చేసిందేమిటో నాకు పూర్తిగా తెలిసొచ్చింది.

ఇప్పుడామె కడపలో బి.ఎడ్. చేస్తోంది. ఇది రాయాలనిపించినప్పుడు ఈసారి ముందే ఫోను చేసి అడిగాను. 

“రాయండి మేడం. నా పేరు, మా నాయన పేరు, మా ఊరి పేరు మాత్రం వద్దు. నాయన చదవడు గానీ, చదివి చెప్పేటోళ్ళు శానామంది ఉండారు.”

రాసింది పంపాను. రెండు రోజుల తర్వాత తనే ఫోను చేసింది.

“ఒక్కటి తప్పుంది మేడం. మీరు పేపరు చదివిన రోజు, క్లాసు అయినంక నేను యాడనో ఒంటరిగా కూర్చుని ఏడ్చినానని రాసినారు. నేను ఏడవలేదు.”

“మరి?”

“క్యాంటీనుకు పోయి రెండు బోండాలు తిన్నా. కోపమొస్తే నాకు ఆకలైతాది.” నవ్వింది. తర్వాత మామూలు గొంతుతో, “అట్నుంచి లైబ్రరీకి పోయినా. అడవి పురుగుల పుస్తకం ఉండాదే, దాంట్లో ఎతికినా. బొమ్మతో సహా దొరికినాది. మా నాయన చెప్పిందే రైటని ఆ సాయంత్రానికే నాకు తెలుసు.”

“మరుసటి రోజు వచ్చి నాకు చూపించొచ్చు కదమ్మా?”

ఫోనులో అవతల బస్సు హారన్ వినపడింది. ఎక్కడో బస్టాండులో ఉన్నట్టుంది.

“చూపిస్తే చూస్తారని అనిపించలేదు మేడం” అంది.

 నిజమేనమ్మా అన్నాను. బస్సొచ్చిందని పెట్టేసింది. ఆమె ఏడ్చిందని రాసిన పేరా మొత్తం కొట్టేసి, తను చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాశాను.